బొమ్మ మీద చెయ్యి

ఒహాయో నది వంపు తిరిగే చోట ఉంది మా ఊరు డ్రేక్స్ బెండ్. ఇక్కడ ఎవరిని కదిపినా లానీ స్టాంపర్ గురించి రెండు మాటలు చెబుతారు. కంకర యార్డులో కుప్పలెత్తే లోడర్ బండి నడపడంలో అతన్ని మించినవాడు లేడని ఒకటి. పెళ్ళాం పోయాక ఆడపిల్లని ఒంటిచేత్తో కళ్ళలో పెట్టుకుని పెంచుతున్నాడని రెండోది. మూడో మాట ఒకటుంది గానీ అది చాలాకాలం ఎవరికీ తెలియదు. తెలిసిన ఒక్క మనిషి అతని భార్య మిస్టీ. ఆవిడ దాన్ని ఎవరి చెవినా వెయ్యకుండానే కన్నుమూసింది. లానీకి చదవడం రాదు.

బడి మొహం చూడనివాడైతే ఇందులో వింత లేదు. లానీ చిన్న క్లాసు నుంచి పెద్ద క్లాసు దాకా మా ఊరి సర్కారు బడిలోనే కూర్చున్నాడు. పైగా ఒకటో తరగతిలో అందరికంటే బాగా చదివే పిల్లాడని పేరు. ఈ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అప్పటి ఒకటో తరగతి టీచరు మిసెస్ కాన్లీ. కాలేజీ నుంచి కొత్తగా దిగింది. పిల్లలంటే ప్రాణం పెట్టేది. గదిలో ఒక మూల మెత్తటి తివాచీ పరిచి, పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని, స్టాండు మీద నిలువెత్తు బొమ్మల పుస్తకం తెరిచేది. అక్షరాలు పట్టుకుని పిల్లల్ని వేధించకూడదనీ, మాటలు ఎలా వస్తాయో చదువూ అలాగే వచ్చేస్తుందనీ అప్పుడు పైనుంచి వచ్చిన మాట. దాని ప్రకారమే ఆవిడ నేర్పింది. గోడ మీద ఒక డేగ బొమ్మ, ఒక కప్ప బొమ్మ అంటించి ఉండేవి. డేగ అంటే, రాని మాట ఎదురైతే పక్కనున్న బొమ్మ కేసి తేరిపార చూడమని. కప్ప అంటే, చూసినా తట్టకపోతే ఆ మాట మీంచి గెంతేసి ముందుకు పొమ్మని. అర్థం చెడకపోతే చాలు.

లానీ చురుకైనవాడు, కొంప మునిగింది అక్కడే. ఒకసారి విన్నది మర్చిపోడు. బొమ్మ చూస్తే చాలు, కింద ఏముండాలో ఇట్టే పట్టేస్తాడు. ఒకరోజు పుస్తకంలో 'పడవ' అని ఉంటే వాడు గుక్క తిప్పుకోకుండా 'ఓడ' అని చదివాడు. మిసెస్ కాన్లీ ముచ్చటపడిపోయి తల నిమిరింది. అర్థం చెడలేదు కదా, అదే అసలైన చదువు అంది. పక్క క్లాసుకి తీసుకెళ్ళి అందరి ముందూ చదివించింది. వాళ్ళమ్మ ఆ వారమంతా చర్చిలో కనిపించినవాళ్ళకల్లా కొడుకు ఘనత చెప్పుకుని మురిసిపోయింది.

మూడో తరగతికొచ్చేసరికి పుస్తకాల్లో బొమ్మలు తగ్గిపోయాయి. ఒక పేజీ తిప్పితే బొమ్మ లేదు. ఇంకో పేజీ తిప్పినా లేదు. డేగ చూడ్డానికేమీ లేదు, కప్ప గెంతుదామంటే అన్నీ రాని మాటలే. లానీ నీళ్ళు నమిలాడు. ఒకప్పుడు అంత బాగా చదివిన పిల్లాడికి ఇదేం రోగమని ఆ క్లాసు టీచరు విసుక్కుంది. బద్ధకం అంది. తర్వాత మొద్దు అన్నారు. వెనక బెంచీ, ఆ తర్వాత వెనకబడిన పిల్లల గది, ఆపైన వడ్రంగం క్లాసు. ఏ ఏటికాయేడు పై క్లాసులోకి తోసి చేతులు దులుపుకున్నారు.

వాడికి మాత్రం తనకేం జరిగిందో అర్థం కాలేదు. చేతిలో ఉన్న విద్య ఎలా పోతుంది? ఆలోచించి ఆలోచించి వాడే ఒక కారణం వెతుక్కున్నాడు. రెండో తరగతి అయిన వేసవిలో వసారా ఉయ్యాల మీంచి పడితే తల వెనక కుట్లు పడ్డాయి. ఆ దెబ్బకే తలలో చదువు ఉండే చోటేదో చెడిపోయిందనుకున్నాడు. కాదని చెప్పినవాళ్ళెవరూ లేరు. పెద్దయ్యాక కూడా, ఎవరైనా చేతికి కాగితం ఇస్తే, తనకు తెలియకుండానే తల వెనక తడుముకునేవాడు.

యార్డులో చేరాక పని బాగానే అబ్బింది. నదిలో కంకర మోసే బార్జీ పడవ వచ్చి ఆగితే, ఏ కుప్ప ఎటు పోవాలో కంటి చూపుతో చెప్పేవాడు. ఫోర్‌మన్ పని ఇస్తామని పిలిచారు. రోజూ సాయంత్రం రిపోర్టు రాయాలన్నారు. బాధ్యతలు తన ఒంటికి పడవని నవ్వేసి వచ్చేశాడు. మంచి అవకాశం కాలదన్నుకున్నాడని మేమంతా తిట్టాం. లోపల ఎంత ఏడ్చాడో మాకేం తెలుసు.

మిస్టీ మాత్రం పెళ్ళికి ముందే కనిపెట్టింది. ఏ హోటల్‌కెళ్ళినా ఆవిడే పదార్థాల పేర్లన్నీ పైకి చదివి, ఏది తినాలో తనకే తేలనట్టు నటించేది. ఒక్కసారి కూడా ఎత్తిపొడవలేదు. నేర్పుతానంది కూడా, కానీ చెడిపోయిన తలకి నేర్పి ఏం లాభమని లానీయే వద్దన్నాడు. ఆ మిస్టీ, పాప ఎమ్మలీకి మాటలు సరిగ్గా రాకముందే, మామూలు జ్వరమని పడుకుని రక్తం విషమైపోయి ఆస్పత్రిలో ప్రాణం విడిచింది. ఆ తర్వాత లానీ కాగితాలకి ఫోన్ చూపించి, అది చదివి చెబుతుంటే చెవి దగ్గర పెట్టుకుని విని, ఎలాగో నెట్టుకొచ్చాడు.

పిల్ల దగ్గర ఆ ఆట సాగదు. వాళ్ళమ్మ కొనిపెట్టిన బొమ్మల పుస్తకాలు పట్టుకుని, సాయంత్రం చిక్కుడు గింజలూ మొక్కజొన్న రొట్టే తిన్నాక, ఎమ్మలీ సోఫాలో వచ్చి ఒళ్ళో కూర్చునేది. లానీ పుస్తకం తెరిచేవాడు. బొమ్మ చూసేవాడు. ఇక నోటికొచ్చిన కథ. కుందేలుకి యార్డులో ఉద్యోగం ఇప్పించేవాడు, ఎలుగుబంటి చేత బార్జీ నడిపించేవాడు. మిస్టీ పోయాక ఆ ఇంట్లో నవ్వు వినపడేది ఆ కాసేపే. నిన్న కుందేలు కొండెక్కింది కదా, ఇవాళ నదికి పోయిందేమిటని పిల్ల అడిగితే, రోజూ ఒకే దారిన పోతే దానికి మాత్రం విసుగు రాదా అనేవాడు. మా డాడీ చదివినట్టు ఎవరూ చదవలేరని ఎమ్మలీ బడి బస్సులో అందరికీ చెప్పేది. అది విన్నప్పుడల్లా లానీకి సంతోషమూ వేసేది, గుండె జారినట్టూ అయ్యేది. ఈ లోకంలో తనని మొద్దు అనుకోని మనిషి ఆ పిల్లొక్కతే.

ఈలోగా పైవాళ్ళకి బుద్ధి మారింది. రాష్ట్రం మొత్తం మీద పిల్లలకి చదవడం రావట్లేదని ఎవరో లెక్కలు తీశారు. బొమ్మ చూసి ఊహించడం చదువు కాదు, అక్షరానికీ చప్పుడికీ ముడి వేసి నేర్పాలన్నారు. టీచర్లందర్నీ మళ్ళీ పాఠాలకి పంపించారు. మొదట తప్పు దారి చూపించిన పెద్దమనుషుల్లో ఒక్కరికీ దీనివల్ల నిద్ర చెడలేదు. చెడింది మిసెస్ కాన్లీకి. జుట్టు నెరిసి, రిటైరయ్యే ఏడు దగ్గరపడ్డాక, ఆవిడ తివాచీ చుట్టేసి, డేగనీ కప్పనీ గోడ మీంచి పీకేసి, ఒకటో తరగతి టీచరు పని మొదట్నుంచి నేర్చుకుంది. ఆవిడ ఆఖరి క్లాసులోకే ఎమ్మలీ వచ్చింది.

పిల్ల ఇంటికొచ్చి బొటనవేలికి ఒక్కో వేలూ ఆనిస్తూ చప్పుళ్ళు పలికేది. "క్. అ. ప్." మూడు వేళ్ళూ అయ్యాక పిడికిలి మూసి, "కప్" అనేది. రొట్టె పొట్లం మీద, పాల డబ్బా మీద, ట్రక్కు తలుపు మీద ఏ అక్షరం కనిపించినా వేళ్ళు ఆడేవి. లానీ వింతగా చూసేవాడు. తనకి ఇలా ఎవరూ చెప్పలేదు.

ఒక సాయంత్రం మేక పుస్తకం తీసింది. అది అతనికి బాగా అలవాటైన పుస్తకం. గేటు దగ్గర ఒక పిల్ల, తాడు కొసన మేక. లానీ గొంతు సవరించుకుని, అనగనగా ఒక మేకకి అలకొచ్చిందని మొదలుపెట్టాడు. ఎమ్మలీ తన చిన్న అరచెయ్యి తీసుకెళ్ళి సరిగ్గా బొమ్మ మీద పెట్టేసింది.

"బొమ్మ చూడకూడదు డాడీ. బొమ్మ చూస్తే కళ్ళకి బద్ధకమొస్తుందని మిసెస్ కాన్లీ చెప్పింది. ఇప్పుడు చదువు."

చెయ్యి పక్కన మూడు మాటలు మిగిలాయి. లానీ వాటి కేసి చూశాడు. నల్లటి గీతలు తప్ప ఏమీ కనిపించలేదు.

"చెయ్యి తియ్యమ్మా. మేక ఊపిరాడక గిలగిల్లాడుతోంది."

పిల్ల నవ్వలేదు. వేళ్ళ మీద చప్పుళ్ళు పెట్టుకుంటూ తనే మెల్లగా చదివింది. "మేక తాడు తెంపుకుంది. ఇదీ ఇక్కడున్నది. నువ్వు అలక అన్నావు."

"నా కథ బాలేదా?"

"నీ కథే బాగుంది. కానీ ఇందులో అది లేదు డాడీ."

అలా అని తండ్రి మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత చెయ్యి తీసేసి, మేక అలక ఎలా తీరిందో చెప్పమంది. లానీ చెప్పాడు గానీ గొంతులో పస లేదు. మర్నాడు సాయంత్రం పిల్ల ఒళ్ళో కూర్చోకుండా పక్కన కూర్చుంది. లోడర్ నడిపి అలిసిపోయి వస్తావు కదా, ఇకనుంచి నేనే చదువుతానులే అంది. ఆ మాట ఎంత మెత్తగా అందంటే లానీకి మిస్టీ గుర్తొచ్చి, గిన్నెలు కడగాలని లేచి వెళ్ళిపోయాడు. పంపు తిప్పి నీళ్ళ చప్పుడులో ఏడ్చాడు.

ఆ తర్వాత వారం రోజులు అతను వేరే మనిషైపోయాడు. మధ్యాహ్నం లోడర్ క్యాబిన్‌లో కూర్చుని, తలుపు వేసుకుని, సూప్ డబ్బా తీసి బొమ్మ మీద చెయ్యి పెట్టుకునేవాడు. బొటనవేలికి వేళ్ళు ఆనించేవాడు. మొదటి చప్పుడు వచ్చేది. చివరిదీ వచ్చేది. మధ్యలోవి దొరికేవి కావు. ఒకరోజు దొరికింది. కాఫీ ఫ్లాస్కు మీద చిన్న మాట ఒకటి ఉంటే, బొమ్మ ఏమీ లేకుండా, పిడికిలి మూసి పైకి అన్నాడు. 'మూత' అని. నిజంగానే మూత దగ్గరే రాసి ఉంది. చెడిపోయిందనుకున్న తల పలికింది. క్యాబిన్‌లో ఒక్కడే కూర్చుని నవ్వాడు.

ఇక నిర్ణయానికి వచ్చేశాడు. పిల్లల చదువుల గురించి చెప్పడానికి తల్లిదండ్రుల్ని బడికి పిలిచే సాయంత్రం ఒకటి రాబోతోంది. అది అయ్యాక మిసెస్ కాన్లీని పక్కకి పిలిచి చెప్పేయాలి. వేసవికి ఆవిడ రిటైరై చెల్లెలి ఊరు వెళ్ళిపోతోంది, కాబట్టి ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ లేదు. ఊళ్ళో ఇంకెవరికీ చెప్పే ధైర్యం అతనికి లేదు. ఆవిడకైతే చెప్పగలడు, ఆవిడ ఒకప్పుడు అతని తల నిమిరింది. 'మేడమ్, నాకు చదవడం రాదు, నేర్పిస్తారా' అన్న మాటని లోడర్ నడుపుతూ పైకి అనుకుని అనుకుని నోటికి అలవాటు చేసుకున్నాడు.

ఆ సాయంత్రం ఉతికిన చొక్కా తొడుక్కుని, ఎమ్మలీకి జడలు వంకరగా అల్లి, బడికి తీసుకెళ్ళాడు. భోజనాల హాల్లో పిల్లల కుర్చీల్లో పెద్దవాళ్ళు మోకాళ్ళు గెడ్డానికి ఆనేలా కూర్చున్నారు. అందరికీ మాంసం ముక్కలు పెట్టి కాల్చిన పెప్పరోనీ రోల్సూ నిమ్మ షర్బతూ ఇచ్చారు. మిసెస్ కాన్లీ ముందుకొచ్చి నిలబడింది. కొత్త పద్ధతి గురించి చెప్పి ముగిస్తుందనుకున్నారు అందరూ. ఆవిడ చేతులు నలుపుకుంటూ, మీలో చాలామంది నా పిల్లలే కాబట్టి మీకొకటి చెప్పాలంది.

"మీకు నేను బొమ్మ చూసి ఊహించమన్నాను. రాని మాట వదిలెయ్యమన్నాను. నాకూ అలాగే చెప్పారు, నేనూ నమ్మాను. అది చదువు కాదు. మీలో ఎవరికైనా తర్వాత చదువు కష్టమై ఉంటే, తప్పు మీ తలది కాదు. నాది."

లానీ చెయ్యి తల వెనక్కి పోయి మధ్యలో ఆగిపోయింది. ఉయ్యాల కాదు. కుట్లు కాదు. ఇన్నేళ్ళూ తన తలని తనే తిట్టుకున్నాడు. వదులుకున్న ఫోర్‌మన్ పనీ, మిస్టీ చేత ఆడించిన నాటకాలూ ఒక్కసారిగా మీద పడ్డాయి. అతనికి ఆవిడ మీద కోపం రావాల్సింది. వచ్చింది కూడా, కానీ ఎదురుగా కళ్ళు తుడుచుకుంటున్న ముసలావిడని చూస్తే నిలవలేదు. మిగిలింది దుఃఖమే. దాని అడుగున కాస్త ఆశ కూడా ఉంది. ఇప్పుడు చెప్పడం ఇంకా తేలిక అనుకున్నాడు.

మిసెస్ కాన్లీ అందరి మనసూ తేలికపరచడానికి కాబోలు, హాలంతా కలియజూసి లానీ దగ్గర చూపు ఆపింది. మొహం విప్పారింది.

"వీడికి మాత్రం ఏ పద్ధతీ అక్కర్లేకపోయింది. మా లానీ నీళ్ళలా చదివేవాడు. నేను చదువు చెప్పిన పిల్లలందర్లోకీ వీడే మొదటివాడు. రా నాయనా, మా చిన్నవాళ్ళకి ఒక పేజీ చదివి వినిపించు."

చప్పట్లు మొదలయ్యాయి. ఎవరో పుస్తకం చేతిలో పెట్టారు. లానీ లేచాడు. పేజీ నిండా మాటలే, బొమ్మ లేదు. బొటనవేలికి చూపుడువేలు ఆనించాడు. మొదటి చప్పుడు కూడా దొరకలేదు. ముందు వరసలో పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు.

ఎమ్మలీ కుర్చీ దిగి పరిగెత్తుకొచ్చి పుస్తకం లాక్కుంది.

"డాడీ కళ్ళద్దాలు ఇంట్లో మర్చిపోయాడు. నేను చదువుతాను" అంది.

ఆ పిల్ల అంతవరకూ అబద్ధమాడి ఎరగదు. దొంగిలించిన బిస్కట్టు కూడా తనే చెప్పి వెనక్కి పెట్టే రకం. తడబడకుండా, తల వంచుకుని, పేజీ మొత్తం చదివింది. చప్పట్లతో హాలు దద్దరిల్లింది. తండ్రికి తగ్గ కూతురని మేమంతా అన్నాం. నేనూ అన్నాను.

అందరూ కోట్లు తొడుక్కుని వెళ్ళిపోతుంటే గుమ్మం దగ్గర మిసెస్ కాన్లీ లానీ మోచెయ్యి పట్టుకుని ఆపింది. మొహంలో ఇందాకటి వెలుగు లేదు.

"నీకు కళ్ళద్దాలెప్పుడొచ్చాయి లానీ?" అంది గొంతు తగ్గించి. ఇంకా దగ్గరికి జరిగింది. "నాయనా, నా దగ్గర దాచకు. నీకు చదవడం వచ్చా?"

ఆ ప్రశ్న కోసమే అతను అక్కడికొచ్చింది. నోటికి అలవాటైన మాట నాలుక మీదే ఉంది. ఇన్నేళ్ళ తర్వాత ఒక మనిషి అడిగింది, అదీ ఆవిడే అడిగింది. లానీ నోరు తెరిచాడు.

"మా డాడీకి అన్నీ వచ్చు మేడమ్" అంది ఎమ్మలీ. "రోజూ నాకు చదివి వినిపిస్తాడు. పుస్తకాలన్నీ చదువుతాడు."

పిల్ల మొహం కందిపోయి ఉంది. అతని వేళ్ళని గట్టిగా పట్టుకుని ఉంది. మిసెస్ కాన్లీ అంటే దానికి దేవుడి తర్వాత దేవుడు. ఆవిడ ముందు, తండ్రి కోసం, ఒకటి కాదు రెండు అబద్ధాలాడింది. ఇప్పుడు తను నిజం చెబితే ఆ అబద్ధాలతో అక్కడ ఒంటరిగా నిలబడాల్సింది అదే. లానీ కూతురి కేసి చూశాడు, టీచరు కేసి చూశాడు.

"ఈ మధ్య చూపు తగ్గింది మేడమ్, అంతే. కొత్త అద్దాలు."

మిసెస్ కాన్లీ మోచెయ్యి వదిలింది. పెద్దగా ఊపిరి తీసుకుంది. బతికించావురా, ఒక్క క్షణం నా గుండె ఆగింది అని నవ్వి, చొక్కా కాలరు సర్ది, వెళ్ళి రమ్మంది. ఆవిడకి అది నమ్మాలని ఎంత ఉందో మొహంలోనే కనిపించింది.

బయట సన్నగా వాన పడుతోంది. లానీ పిల్లని ట్రక్కులో ఎక్కించి బెల్టు పెట్టాడు. పిల్ల అతని కేసి చూడకుండా, ఎదుటి అద్దం మీద వాన చినుకులు చూస్తూ అంది.

"నేను ఎవరికీ చెప్పను డాడీ."

లానీ బెల్టు సరిగ్గా పడిందో లేదో మళ్ళీ చూశాడు. థాంక్స్ బంగారం అన్నాడు. అటువైపు వెళ్ళి ట్రక్కెక్కి ఇంజను వేశాడు.